పొడుగు మాటలో బరువు పడే చోటు

మా ఇంట్లో మాట మధ్యలో ఆగిపోవడం ఎవరికీ వింత కాదు. ఫస్ట్ షిఫ్టు మనుషులు ఇళ్లకు చేరి టీ గ్లాసు చేతికి తీసుకునే వేళకు ఓపెన్‌కాస్టు గనిలో సైరన్ మోగుతుంది. ఇంకాసేపట్లో బ్లాస్టింగ్ అని దానర్థం. సైరన్ వినబడగానే అవ్వ, అంటే మా అమ్మ, షెల్ఫు మీది గ్లాసులకు చెయ్యి అడ్డం పెడుతుంది. బాపు తన టీ గ్లాసును గాలిలోకి ఎత్తి పట్టుకుంటాడు, స్టూలు మీద పెడితే తొణుకుతుందని. నేను ఏం మాట్లాడుతున్నా అక్కడికి ఆపేస్తాను. ఇట్లా చేయాలని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. భూమిలోంచి ధన్‌మని దెబ్బ వస్తుంది, కిటికీ రెక్కలు గలగలమంటాయి, అవ్వ చెయ్యి తీస్తుంది, బాపు ఒక గుటక వేస్తాడు, నేను ఆపిన మాటను ఆపిన చోటి నుంచే అందుకుంటాను. మొదటికి వెళ్లను. ఒకసారి "రేపు పెద్ద" అని ఆపి, దెబ్బ పడ్డాక "పల్లికి పోవాలె" అన్నానట. అవ్వ ఇప్పటికీ అది చెప్పి నవ్వుతుంది.

గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు ఇందులో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. నాకు మాత్రం పోయిన ఎండాకాలంలో ఆ సైరన్ మీద విపరీతమైన కోపం వచ్చింది. ఎందుకంటే ఆ వేళకే నేను స్పానిషు మాటలను ముక్కలు చేస్తూ కూర్చునేదాన్ని.

స్పానిషు ఎందుకు నేర్చుకున్నావని అడగని మనిషి మా కాలనీలో లేడు. నిజం చెప్తే తిక్క అనుకుంటారు, నిజానికి తిక్కే. డిగ్రీ అయ్యాక సర్కారు పరీక్షల కోసం చదివాను. పరీక్ష ఉందన్నారు, లేదన్నారు, మళ్లీ ఉందన్నారు. ఒకరోజు ఆ పుస్తకాలన్నీ మంచం కిందికి తోసేసి, ఫోన్లో ఎవరో పాఠాలు చెబుతుంటే వింటూ కూర్చున్నాను. ఇక్కడ ఎవరికీ రాని భాష, ఎవరూ తప్పు పట్టలేని భాష కావాలనిపించింది. అందులో పడి కొట్టుకుపోయాను. అలా కొట్టుకుపోతుండగా ఈ పని కంటబడింది. యంత్రానికి మాట్లాడటం నేర్పేవాళ్లకు స్పానిషు మాటలు ముక్కలు చేసి ఇవ్వాలి. ఏ మాట ఎన్ని అక్షరాలుగా విరుగుతుందో గీత పెట్టి చూపాలి, ఏ అక్షరం మీద ఊనిక పడుతుందో గుర్తు పెట్టాలి. మామూలు మాటలు యంత్రానికి ముందే వచ్చు. మనకు వచ్చేవన్నీ దానికి రాని మాటలే. చెట్ల పేర్లు, ఎముకల పేర్లు, రోగాల పేర్లు, ఎవరూ వాడని పాత మాటలు.

మొదట కొన్ని రోజులు నమూనా పని. అది నచ్చితే ఒక పరీక్ష, వీడియోలో, స్పెయిన్‌లో ఉన్న ఒకావిడతో. అందులో నెగ్గితే ఇంట్లో కూర్చునే చేసుకునే ఉద్యోగం.

ఇది వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆ పరీక్షతో మా బాపు ఒళ్లు ముడిపడి ఉంది. అది చెప్పకపోతే ఈ కథంతా తిక్క దగ్గరే ఆగిపోతుంది.

మా బాపు బాయిలో పనిచేస్తాడు. భూమి లోపలి గనిని మేం బాయి అనే అంటాం. పైకప్పు కూలకుండా దుంగలూ ఇనుప స్తంభాలూ నిలబెట్టే పని ఆయనది. ఈ పనికి ఒళ్లు ఇక పనికిరాదని మెడికల్ బోర్డు తేలిస్తే, ఇంకా సర్వీసు మిగిలి ఉన్న కార్మికుడి పిల్లల్లో ఒకరికి గని కంపెనీలో ఉద్యోగం వస్తుంది. అందుకే మా కాలనీలో అన్‌ఫిట్ అనేది మంచి మాట. ఎవరికైనా అన్‌ఫిట్ అయిందంటే ఎదురెళ్లి చేతులు పట్టుకుంటారు. మా పక్క క్వార్టరులో కోస్తా నుంచి వచ్చిన కుటుంబం ఉంది. వచ్చి ఎన్నేళ్లయినా వాళ్ల యాస మాత్రం నిన్ననే బస్సు దిగినట్టుంటుంది. ఆ పిన్నిగారు పోయిన ఏడు పళ్లెం నిండా లడ్డూలు తెచ్చి, "మా ఆయనకి అన్‌ఫిట్ వచ్చేసిందమ్మా, నోరు తీపి చేసుకోండి" అంది. లడ్డూ తిన్నాను. బాగుంది కూడా. తింటున్నంతసేపూ నామీద నాకే కోపం.

సర్వీసు మిగిలి ఉండగానే బోర్డుకు పోవాలి. బాపుకు ఆ గడువు దగ్గర పడింది. ఆ ఏడు పోకపోతే ఇక పోయినా లాభం లేదు. అవ్వ పొద్దున లేస్తే అదే పాట.

"ఒక్కగానొక్క పిల్ల. దానికొక దారి జూపకుంట ఇంకెప్పుడు పోతవు బోర్డుకు?" అంటుంది.

బాపుకు అభ్యంతరం లేదు. నవ్వేవాడు. "కాయితం మీద అన్‌ఫిట్ గానీ, నేను గుండులెక్క ఉన్న. రాసిచ్చేదేదో రాసియ్యనీ, బిడ్డకు నౌకరొస్తది" అనేవాడు.

నా గొంతు దిగనిది అదే. గుండులాంటి మనిషి నాకోసం పోయి ఎవరెవరి ముందో చొక్కా విప్పి నిలబడి, నేను పనికిరానని అనిపించుకుని రావాలా? ఆ మాట మీద నేను ఉద్యోగం చేసుకోవాలా? ఇంట్లో పెద్ద గొడవ చేశాను. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. స్పానిషు పని నాకు వస్తే బాపు బోర్డుకు పోడు. రాకపోతే పోతాడు, నేను నోరెత్తకూడదు.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. అసలే నేను ఒక చోట కూర్చునే మనిషిని కాను. ముందు గదిలోంచి వంటగదిలోకి, వంటగదిలోంచి వరండాలోకి, వరండాలోంచి మళ్లీ లోపలికి, ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకుని మాటలు గొణుక్కుంటూ తిరిగేదాన్ని. కాలుకాలిన పిల్లి నయమనేది అవ్వ.

మాటలను విరగ్గొట్టడం నాకు కొత్త కాదు. తెలుగు మీడియంలో పదో తరగతి గట్టెక్కిన ఎవరికైనా గణవిభజన వచ్చు. గురువు మీద ఒక గుర్తు, లఘువు మీద ఒక గుర్తు పెట్టుకుంటూ పోతే మార్కులు వాటంతటవే వస్తాయి. స్పానిషు మాటలూ అట్లాగే విరుగుతాయి కదా అనుకున్నాను. విరుగుతాయి, కానీ అచ్చులతో పేచీ. అ, ఎ, ఒ వాళ్లకు బలమైన అచ్చులు. ఇ, ఉ బలహీనమైనవి. బలమైనవి రెండు పక్కపక్కన పడితే ఒకదానితో ఒకటి పొసగక వేరు అక్షరాలవుతాయి. బలహీనమైనది బలమైనదాని పక్కన పడితే దాని ఒళ్లో ఒదిగిపోయి రెండూ కలిసి ఒకటే అక్షరం. గాలిని ఐరె అంటారు, ఐ-రె, రెండే. కానీ ఆ బలహీనమైన అచ్చు నెత్తిన ఒక చిన్న గీత పడిందంటే దానికీ పౌరుషం వస్తుంది, వేరుపడుతుంది. ట్రంకుపెట్టెను బ-ఊల్ అంటారు. కొన్ని మాటల మధ్యలో హ అక్షరం ఉన్నా పలకరు, అది ఉన్నట్టా లేనట్టా తెలియక నేను మొదట్లో చాలా తిప్పలు పడ్డాను. గుడ్లగూబ బూ-ఒ. గబ్బిలం ముర్-సియే-ల-గొ. అ-వె-వె-తె అని ఒక చెట్టు ఉంది, అది ఎట్లా ఉంటుందో ఇప్పటికీ తెలియదు.

అర్థాలతో మాకు పని లేదు. విరగ్గొట్టి, బరువు ఎక్కడో చూపి, తరవాతి మాటకు పోవడమే. అర్థాలు చూస్తూ కూర్చుంటే పని సాగదు.

నా అసలు కష్టం బరువు దగ్గర. నియమం తేలికే. గీత ఉంటే గీత ఉన్న చోటే ఊనిక. గీత లేకపోతే, మాట అచ్చుతో గానీ న్‌తో గానీ స్‌తో గానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద. లేదంటే చివరి అక్షరం మీద. కాగితం మీద ఒక్కటి కూడా తప్పు పోయేది కాదు. నోటితో చదివితే మాత్రం అంతా చదును. మనం తెలుగులో అక్షరాలన్నిటికీ ఒకే మర్యాద ఇస్తాం. ఒకదాన్ని ఎత్తి ఇంకోదాన్ని దించడం మన నోటికి రాదు. నా గొంతు రికార్డు చేసుకుని వింటే రోడ్డు రోలరు పోయినట్టుండేది. పరీక్షలో చదివి వినిపించాలి. అందుకే ఇల్లంతా తిరుగుతూ, బరువు పడే అక్షరం దగ్గర కాలు గట్టిగా నేలకేసి కొట్టేదాన్ని. కింది క్వార్టరు లేదు కాబట్టి సరిపోయింది.

ఒకరోజు నమూనా పనిలో ఒక రాక్షసి మాట వచ్చింది. తెర మీద ఒక వరుసలో పట్టలేదు. నెఉ-మొ-నొ-ఉల్-త్ర-మి-క్రొస్-కొ-పి-కొ-సి-లి-కొ-వొల్-క-నొ-కొ-నియొ-సిస్. స్‌తో ముగుస్తుంది, గీత లేదు, కాబట్టి బరువు నియొ మీద. నేను మొదట నియొను ని, ఒ అని రెండుగా విరిచి తప్పు చేశాను. ఇ బలహీనం, ఒ బలమైనది, రెండూ కలిసే ఉండాలి. దిద్దుకుని, ఇంట్లో పచార్లు చేస్తూ బయటికి చదువుతున్నాను. బాపు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి వరండాలో బూట్లు విప్పుతున్నాడు.

"ఏందే గది? మంత్రమా, తిట్టా?" అన్నాడు.

"మాటనే బాపూ. ఒక్కటే మాట."

"ఒక్క ఇంజనుకు గన్ని డబ్బాలు ఎవడు తగిలించిండే?"

మళ్లీ చదవమన్నాడు. మళ్లీ. నాలుగు రోజుల్లో ఆ మాట మొత్తం ఆయనకు నోటికి వచ్చేసింది. బాయిలో బొగ్గు టబ్బు పట్టాలు తప్పితే అందరూ కలిసి అరుస్తూ ఎత్తుతారు కదా, అదే వరుసలో అనేవాడు. నెఉమొనొ ఉల్త్ర, మిక్రొస్కొపికొ, సిలికొ వొల్కనొ, కొనియొ, సిస్స్! అని చివరన భుజం ఎత్తేవాడు.

"బాపూ, బరువు సిస్ మీద గాదు. నియొ మీద."

"మా దగ్గర బలమంత ఆఖర్లనే పెడతరు. ముందుగాల పెడితె టబ్బు లేవది."

నా లెక్కలో ఆయన ప్రతిసారీ తప్పే. అయినా ఆయన పలుకుతుంటే మాటకు ప్రాణం వచ్చినట్టుండేది, నేను పలికితే రాదు. కాలనీలో అదొక వేడుకైపోయింది. ఎవరు వచ్చినా "ఆ మాట ఒకసారి చెప్పు" అనేవాళ్లు, బాపు లేచి నిలబడి చెప్పేవాడు. పిన్నిగారి ఆయన పగలబడి నవ్వాడు. సగంలో బాపుకు ఊపిరి చాలక ఆగి, దమ్ము తీసుకుని మళ్లీ అందుకునేవాడు. అంత పొడుగు మాట, ఎవరికైనా ఊపిరి చాలదు అనుకున్నాం.

పరీక్షకు టైము చెప్పారు. మా లెక్కలో సాయంత్రం, సరిగ్గా బ్లాస్టింగ్ వేళ. మార్చమని అడిగితే కుదరదన్నారు. నాకు నిద్ర పట్టలేదు. మాట మధ్యలో ఇల్లు ఊగితే ఆవిడ ఏమనుకుంటుంది? అందుకని పెద్దపల్లిలో మా పెద్దబాపు బిడ్డ ఇంటికి పోయి పరీక్షకు కూర్చుందామనుకున్నాను. అక్క వాళ్లది మేడ మీద ఇల్లు, బయటి నుంచి ఇనుప మెట్లు. అక్కడ బ్లాస్టింగులు లేవు, బొగ్గు మోసే డంపర్లు లేవు, పక్కింటి టీవీ మోత లేదు.

"ఒక్కదానివే ఎందుకు, నేనొస్త" అని బాపు సెలవు పెట్టుకుని బయలుదేరాడు. బస్సులో నేను కిటికీ దగ్గర కూర్చుని పెదాలు కదుపుతూనే ఉన్నాను. బాపు పక్క సీటాయనకు ఆ పొడుగు మాట నేర్పుతున్నాడు.

అక్క ముందు గది ఖాళీ చేసి, కిటికీ పక్కన బల్ల వేసి, ఒక గ్లాసుతో నీళ్లు పెట్టింది. పిల్లలను తీసుకుని లోపలి గదిలోకి పోయింది. బాపు లోపలికి రానన్నాడు. "నా మొఖం జూస్తె నీకు బుగులైతది. నేను మెట్ల మీద కూసుంట" అని తలుపు బయట, పై మెట్టు మీద కూర్చున్నాడు.

తెర మీద ఆవిడ కనిపించింది. నెరిసిన జుట్టు, మెడలో కళ్లద్దాలు. పలకరింపులయ్యాక మైకు సరిచూస్తూ చెవులు రిక్కించింది.

"మీ దగ్గర ఏదో మోటారు తిరుగుతోంది, చప్పుడు వస్తోంది. ఆపగలరా?" అంది.

ఫ్యాను ఆపాను. ఇంకా వస్తోందంది. నేను కూడా విన్నాను. గరగరా, ఆగి, మళ్లీ గరగరా. ఎవరో మొద్దు రంపంతో కట్టె కోస్తున్నట్టుంది. లోపలికి పోయి అక్కను అడిగాను.

"అక్కా, మోటరేదన్న నడుస్తుందా? జర బంద్ జెయ్యరాదు."

అక్క నావంక వింతగా చూసింది. "మోటరేందే? అది మీ బాపు దమ్ము" అంది.

నేను కిటికీ దగ్గరికి వచ్చి చూశాను. బాపు పై మెట్టు మీద రెండు చేతులు మోకాళ్ల మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. మేం వచ్చి చాలాసేపయింది. మెట్లెక్కిన ఆయాసం ఈపాటికి తీరాల్సింది. భుజాలు లేస్తూ దిగుతూ ఉన్నాయి. ఆ చప్పుడు ఆయన ఛాతీలోంచే వస్తోంది. మా ఇంట్లో కూలర్ మోత, రోడ్డు మీద డంపర్ల మోత, పక్కింటి టీవీ, వాటన్నిటి కింద ఇది రోజూ ఉంటూనే ఉంది. నేను ఒక్కసారి కూడా వినలేదు. ప్రపంచంలో ఎక్కడెక్కడి మాటల్లో ఎక్కడ బరువు పడుతుందో వినడానికి చెవులు కోసుకుంటున్నదాన్ని!

ఆవిడ ఎదురుచూస్తోంది. ఏం చేయను? తలుపు తీసి, "బాపూ, జర కిందికి పోయి కూసుంటవా? చప్పుడైతుందంటున్నరు" అన్నాను.

"అయ్యో, పోత బిడ్డా" అని ఆయన రెయిలింగు పట్టుకుని దిగాడు. దిగినవాడు మళ్లీ ఎక్కాలి. అది నాకు తలుపు వేసుకున్నాక తట్టింది.

చదవడం మొదలుపెట్టాను. ఒక్కో మాట తెర మీదికి వస్తుంది, నేను ముందు విరిచి చెప్పాలి, తరవాత కలిపి పలకాలి. బల్ల కింద కాలితో బరువు వేస్తూ పోయాను. ఆవిడ ముఖంలో ఏమీ తెలియదు. మెడ దగ్గరి కండరం పేరు ఒకటి వచ్చింది, ఎస్-తెర్-నొ-క్లెయి-దొ-మస్-తొయి-దె-ఒ. విరిచి చెప్పాను. కలిపి పలకడం మొదలుపెట్టి ఎస్తెర్నొక్లెయిదొమస్ దాకా వచ్చాను. అప్పుడు సైరన్ మోగింది.

ఎదురుగా రైసుమిల్లు ఉంది. వాళ్ల సైరన్ అది, పనివాళ్లు దిగే వేళ. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం నా నోరు దానంతటదే ఆగిపోయింది. నా చెయ్యి పోయి నీళ్ల గ్లాసును ఎత్తి గాలిలో పట్టుకుంది. నేను దెబ్బ కోసం చూస్తున్నాను.

దెబ్బ రాదు. పెద్దపల్లిలో దెబ్బ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ సంగతి బుర్రకు తెలుసు, నోటికి తెలియదు. దెబ్బ పడితే గానీ మాట అందుకోవడం నాకు చిన్నప్పటి నుంచి రాదు. ఆవిడ ఏదో అడుగుతోంది. వినిపిస్తున్నానా అంటోంది. నేను గ్లాసు ఎత్తి పట్టుకుని బొమ్మలా కూర్చున్నాను. ఉద్యోగం పోయింది, బాపు బోర్డుకు పోతాడు అని లోపల ఒకటే గోల. అయినా నోరు పెగలదు.

కింది నుంచి ధన్‌మని చప్పుడు వచ్చింది. ఇనుప మెట్లన్నీ జుమ్మని మోగాయి. బల్ల అదిరింది.

"తొయి-దె-ఒ" అన్నాను. బరువు దె మీద, ఎక్కడ పడాలో అక్కడే పడింది.

బాపు కింద కూర్చుని సైరన్ విన్నాడు. పైన నా గొంతు ఆగడం విన్నాడు. నేను దేనికోసం ఆగానో ఆయనకు తెలుసు. లేచి, పక్కనున్న ఇటుకతో మెట్ల రెయిలింగు మీద ఒక్కటి వేశాడు. ఆ తరవాత చాలాసేపు దగ్గు వినిపించింది.

ఆవిడ చదివించడం ఆపి, ఏం జరిగిందని అడిగింది. నేను రాసుకుని బట్టీ పట్టింది ఏదీ ఆ ప్రశ్నకు పనికిరాదు. నాకు వచ్చిన స్పానిషులో చెప్పాను. మా ఊళ్లో బొగ్గు తవ్వుతారని, సాయంత్రం సైరన్ మోగితే అందరం ఆగుతామని, దెబ్బ పడ్డాక ఆగిన చోటి నుంచి మాట్లాడతామని, ఇక్కడ దెబ్బ లేకపోతే మా నాన్న కొట్టాడని. గబగబా చెప్పాను, బరువుల సంగతే మరిచిపోయాను. ఆవిడ మొదటిసారి నవ్వింది. ఇన్ని మాటల్లో నీకు ఇష్టమైనది ఏదని అడిగింది. నాకింకా ఊపు తగ్గలేదు. ఆ రాక్షసి మాట చెప్పాను. అది మా నాన్నకు నోటికొచ్చని, టబ్బు ఎత్తినట్టు పలుకుతాడని, కాలనీ అంతా చెప్పించుకుని నవ్వుతారని చెప్పాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"మీ నాన్నగారు గనిలోనే పనిచేస్తారా?" అంది.

అవునన్నాను.

"ఆ మాటకు అర్థం ఆయనకు తెలుసా?"

తెలియదని, నాకూ తెలియదని చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని, నాకు అర్థమయ్యేలా చిన్న చిన్న మాటల్లో చెప్పింది. సన్నని దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు అది.

నేను ధన్యవాదాలు చెప్పి తెర మూశాను. కిందికి పరుగెత్తాను, ఆయన మళ్లీ మెట్లెక్కకుండా.

ఇంటికి వచ్చే బస్సులో బాపు నిద్రపోయాడు. నేను ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఒకసారి వినిపించాక ఇక బస్సు మోత దాన్ని కప్పలేకపోయింది. ఎక్కడ దిగి పారిపోదామా అనిపించింది. ఇన్నాళ్లూ నేను పడిన పౌరుషమంతా ఏమిటి? మంచి ఒంటిని చెడ్డదని అనిపించుకోనివ్వనని కదా. ఒళ్లు ఎప్పుడో చెడింది.

వారం తిరగకముందే పని వచ్చిందని కబురు వచ్చింది. అవ్వ దేవుడికి దండం పెట్టింది. బాపు గట్టిగా నవ్వాడు.

"ఇగ బోర్డు లేదు గీర్డు లేదు. మాట మాటనే. రిటైరయ్యేదాక నేను బాయిలనే" అన్నాడు.

ఒప్పందం నాదే. నేను గెలిచాను. అందువల్ల ఆయన ఆ దుమ్ములోకి ఇంకా దిగుతూనే ఉంటాడు. రెండు రోజులు ఇంట్లో తిరిగాను, వరండాలో తిరిగాను, నల్లా దగ్గరికీ ఇంటికీ ఊరికే తిరిగాను. మూడో రోజు టీ వేళ ఆయన ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"బాపూ, బోర్డుకు పోదాం."

"నీకు నౌకరొచ్చె గదనే. మల్ల ఎందుకు?"

"నాకోసం గాదు. నువ్వు చెప్తవు సూడు, ఆ పొడుగు మాట, దాని అర్థం తెలిసింది నాకు."

"ఏందది?"

సైరన్ మోగింది. అవ్వ లేచి గ్లాసులకు చెయ్యి అడ్డం పెట్టింది. బాపు టీ గ్లాసు ఎత్తి పట్టుకున్నాడు, నా ముఖంలోకే చూస్తూ. ఈ ఒక్క రోజు ఆ దెబ్బ పడకపోతే బాగుండునని కోరుకున్నాను. పడింది. కిటికీలు గలగలమన్నాయి. ఆపిన చోటి నుంచి అందుకోవాలి, మా ఇంటి తీరు అది.

"దుమ్ము పీలిస్తె ఊపిరితిత్తులకొచ్చే బీమారట" అన్నాను.

బాపు గుటక వేశాడు. గ్లాసు కింద పెట్టాడు.

"గంతేనా? దానికి గంత పొడుగు పేరెందుకే? మేం దమ్ము అంటం" అన్నాడు.

"నీకెరుకనా?"

"ఎరుకలేకేంది. బాయి మెట్లెక్కేటప్పుడు మనిషికి ఎరుకైతది."

"మరి గుండులెక్క ఉన్న అంటివి గద బాపూ!" నా గొంతు పెద్దదైంది. ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది, ఏది ముందో తెలియలేదు.

ఆయన కాసేపు ఛాతీ రుద్దుకుంటూ కూర్చున్నాడు. "బిడ్డ నౌకరి కోసం పోతున్న అనుకుంటె బోర్డుకు పోవుడు నాకు అల్కగ ఉండె. ఇప్పుడు నాకోసమే పోవాల్నంటే కాళ్లు వస్తలేవు" అన్నాడు.

అవ్వ షెల్ఫు దగ్గరే నిలబడి ఉంది, చెయ్యి ఇంకా గ్లాసుల మీదే పెట్టుకుని. చివరికి ఆయనే అన్నాడు.

"పోత తియ్. పై నెలల పోత. కని ఒక్క మాట. కాలనీల మాత్రం నీకు ఆ నౌకరి రాలేదని చెప్పు."

నాకు అర్థమైంది, నా ఉద్యోగం కోసమే పోతున్నాడని కాలనీ అనుకోవాలి. అయినా ఒళ్లు మండింది. పుట్టి బుద్ధెరిగాక నేను గెలిచింది ఇదొక్కటే. సర్కారు పరీక్షలు, ఆ రద్దులు, ఆ జాలి చూపులు అన్నిటికీ కలిపి ఒక్క జవాబు ఇది. దీన్ని మింగేసి ఓడిపోయానని చెప్పుకు తిరగాలా? చెప్పనని అనబోయాను. బాపు లేవబోయి, తలుపు చట్రం పట్టుకుని ఊపిరి అందేదాకా ఆగాడు. సరేనన్నాను.

ఆయన ఆ పొడుగు మాట మళ్లీ ఎవరికీ చెప్పలేదు. చెప్పమంటే మరిచిపోయిన అంటాడు. బోర్డు వాళ్లు ఏం తేలుస్తారో, నాకు కంపెనీ ఉద్యోగమంటూ వస్తే తీసుకుంటానో లేదో నాకింకా తెలియదు. తెల్లారగానే లేచి మాటలు విరుస్తున్నాను, తలుపు దగ్గరగా వేసుకుని, గొంతు తగ్గించుకుని.

బాపుకు సరేనన్న మర్నాడే నల్లా దగ్గర పిన్నిగారు బిందె కింద పెట్టి అడిగింది.

"ఏమ్మా, నీ స్పానిషు సంగతేమైంది?"

బాపు మా వరండాలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. తుడవడం ఆపాడు.

"రాలేదు పిన్నిగారూ" అన్నాను. ఏ అక్షరం మీదా బరువు వేయకుండా, అన్నీ చదునుగా, మన మాటలు మనం చెప్పుకునే తీరులోనే అన్నాను.

ఆవిడ నా భుజం తట్టింది. "పోన్లేమ్మా, దానికంత దిగులెందుకు? మీ నాన్న ఉన్నారుగా" అంది.

వరండాలో బాపు తలెత్తి, ఆమెకు వినబడేలా, "ఉన్న గద, నేనున్న గద" అన్నాడు.